రోగికి దారిచూపినవారు

గ్రామమున నెవరికైన పెద్దజబ్బు చేసినపుడు వారిని పట్టణపు ఆసుపత్రికి ఒంటరిగా పంపుట మన యాచారము కాదు. బంధువో, పొరుగువాడో, పట్టణ వ్యవహార మెరిగిన పెద్దమనిషియో తోడు పోవును. ఏ గదిలో చీటి వ్రాయింతురో, ఏ డాక్టరును చూడవలెనో, ఏ కాగితము భద్రముగా నుంచవలెనో ఆతడే కనిపెట్టి చూచును. ఈ తోడు కేవలము మర్యాద యని మనమనుకొందుము. కాని యిదియు వైద్యములో నొక భాగమే యని ఒక మహానగరము ఎన్నో ప్రాణములు పోయిన పిదప గ్రహించెను. ఆ చరిత్రమును నేడు మీకు విన్నవింపదలచితిని.

అమెరికాలోని న్యూయార్కు నగరమున హార్లెము అను పేట కలదు. ఇరువదవ శతాబ్దమున అది నల్లజాతివారికి ముఖ్యనివాసము, పేదరికమునకును పేరుపడినది. 1967లో హెరాల్డు ఫ్రీమన్ అను శస్త్రవైద్యులు హార్లెము ఆసుపత్రిలో చేరిరి. మనవారు రాచపుండని పిలుచు క్యాన్సరును కోసి తీసివేయుట వారి విద్య. కాని వారి యెదుటికి వచ్చిన స్త్రీలలో పెక్కుమందికి రొమ్ములోని గడ్డ అప్పటికే ముదిరి, కత్తికి లొంగని స్థితిలో నుండెడిది. 1986తో ముగిసిన 22 సంవత్సరములలో అచట చూచిన 606 మంది రొమ్ము క్యాన్సరు రోగుల లెక్క తీయగా, తొలిదశలోనే వచ్చినవారు నూటికి ఆరుగురు మాత్రమే. దాదాపు సగముమంది వ్యాధి ముదిరిన పిదప వచ్చినవారే. అయిదేండ్లు బ్రదికినవారు నూటికి 39 మంది.

ఇంత యాలస్య మేల జరిగినది? పరీక్షకు సొమ్ము లేకపోవుట ఒక కారణము. కావున 1979లో ఫ్రీమన్ గారి పూనికతో హార్లెములో ఉచితముగా పరీక్ష చేయు ఏర్పాటు జరిగెను. అయినను పని సగమే తీరెను. పరీక్షలో గడ్డ కనబడినంతమాత్రమున వ్యాధి తేలదు. గడ్డనుండి చిన్నముక్క తీయించి, అది క్యాన్సరగునో కాదో తేల్చుకొని, అటుపిమ్మట చికిత్సకు చేరవలెను. ఈ నడిమి దారిలో అనేకులు చిక్కుపడిపోవుచుండిరి. ఒకరికి బండికూలి లేదు. ఒకరికి బిడ్డలను చూచువారు లేరు. ఒకరికి ఆసుపత్రి కాగితము అర్థము కాదు. మరియొకరికి క్యాన్సరన్న పేరు వినినంతనే ఆశ యుడుగును. గడ్డను కనుగొనియు వైద్యము నందింపలేకపోయినచో, ఆ కనుగొనుట వలన ఫలమేమి?

1989లో అమెరికా క్యాన్సరు సంఘమువారు ఏడు నగరములలో సభలు జరిపి, పేదరోగుల కష్టములను వారి నోటనే వినిరి. అప్పుడు సంఘాధ్యక్షులు ఫ్రీమన్ గారే. పేదలు వైద్యము కొరకు గొప్ప త్యాగములు చేయవలసి వచ్చుచున్నదనియు, అడుగడుగున అడ్డంకులు చూచి తుదకు ప్రయత్నమే మానుకొనుచున్నారనియు అచట తేలెను. ఈ వినికిడి ఫలముగా 1990లో హార్లెము ఆసుపత్రిలో ఒక క్రొత్త పద్ధతి వెలసెను. అనుమానపు గడ్డ కనబడిన నాటినుండి రోగి వెంట ఒక మనిషిని నియమించుటయే ఆ పద్ధతి. ఆ మనిషికి నావికుడని పేరు. మన గోదావరిమీద పడవను ఇసుకతిన్నెలు తప్పించి రేవు చేర్చు సరంగు వంటివాడన్నమాట. ఆ నావికులు డాక్టర్లు కారు. రోగుల మాటయు, పేదల బాధయు ఎరిగిన సామాన్యులు. రోగి రాకపోయినచో కారణము విచారించుట, సొమ్ము సహాయమునకు కాగితములు నింపుట, భయము తీరునట్లు మాటలాడుట వారి పని.

ఫలితమేమి? 1995 మొదలు 2000 వరకు అదే యాసుపత్రిలో 325 మంది రోగుల లెక్క తీసిరి. తొలిదశలలో వచ్చినవారు నూటికి 41 మంది. ముదిరిన పిదప వచ్చినవారు 21 మంది. అయిదేండ్లు బ్రదికినవారు 70 మంది. ఈ మేలంతయు నావికులదే యనుట న్యాయము కాదు. ఉచిత పరీక్షయు, తోడును కలసి సాధించిన ఫలమిది. ఒకటి లేనిచో రెండవది కుంటుపడియుండెడిదని నా నమ్మకము. 2005లో అమెరికా ప్రభుత్వము ఈ పద్ధతిని ప్రోత్సహించుచు ఒక శాసనమును చేసెను.

తరువాత విద్వాంసులు రోగుల తృప్తిని కొలువ బూనిరి. 2012లో ప్రకటితమైన యొక ప్రశ్నావళిలో మందుల ప్రసక్తి లేదు. నావికుడు నీకు తగినంత సమయ మిచ్చెనా? నీ మాట వినెనా? గౌరవముతో మెలగెనా? కావలసినపుడు దొరకెనా? ఇవియే అందలి విషయములు. ఇవి చిన్నమాటలుగా దోచవచ్చును. కాని అవమానపడిన రోగి రెండవమారు ఆ గడప త్రొక్కదు. తృప్తిపడినది మరల వచ్చును, మరి నలుగురిని వెంటబెట్టుకొని వచ్చును. తృప్తి వ్యాధిని మాన్పజాలదు, నిజమే. కాని మాన్పగలవాని యొద్దకు మరల నడిపించునది అదియే.

ఈ తలంపు మన దేశమునకును చేరినది. బొంబాయిలోని టాటా స్మారక ఆసుపత్రివారు 2020 నాటికే ఇట్టి నావికులకు శిక్షణ నిచ్చుచు, ఆ ఏర్పాటునకు కేవట్ అని పేరిడిరి. కేవట్ అనగా శ్రీరామచంద్రుని గంగ దాటించిన పడవవాడు. మన గుహుని కథ విన్న చెవులకు ఈ పేరు క్రొత్తది కాదు. 2016లో మన ప్రభుత్వము 30 ఏండ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయముఖము పరీక్షింప విధానము నేర్పరచెను. ఊరూర ఆశా కార్యకర్తలు ఇండ్లకు వచ్చి ఆ వివరములు అడుగుదురు.

పెద్దలారా! ఆమె మీ గడపకు వచ్చినపుడు ఇంటి ఆడువారిని పరీక్షకు పంపుడు. ఏదైన అనుమానము తేలినచో అంతటితో విడువక, తుదిమాట తెలియువరకు తోడు నడువుడు. సిగ్గుచేతనో, బస్సుచార్జి లేకనో ఒక తల్లి నడిదారిలో నిలిచిపోయినచో ఆ లోపము ఆమెది కాదు, తోడు పోని మనది. హార్లెము నేర్పిన పాఠ మింతియే.