స్కైలాబ్‌ను పక్కకి తిప్పారా?

"స్కైలాబ్ మన మీద పడాల్సింది నాయనా. ఆఖర్లో పక్కకి తిప్పేశారు." పొదిలి, మార్కాపురం, గిద్దలూరు వైపు అరవై ఐదు దాటినవాళ్ల దగ్గర 1979 మాట ఎత్తితే ఈ రెండు వాక్యాలు వినిపిస్తాయి. చెప్పే మనిషి మారతాడు గానీ వాక్యాలు మారవు. వీటిలో మూడు వాదాలున్నాయి. అది మన వైపు వచ్చిందనేది మొదటిది. దాన్ని తిప్పడం సాధ్యమైందనేది రెండోది. మనల్ని కాపాడటానికే తిప్పారనేది మూడోది. మూడింటినీ కలిపి చూస్తే ఏదీ తేలదు. విడదీసి, ఒక్కోదాన్ని తేదీల పక్కన పెట్టి చూడాలి.

ముందుగా పడింది ఏమిటో తేల్చుకోవాలి. స్కైలాబ్ అమెరికా మొదటి అంతరిక్ష కేంద్రం. బరువు సుమారు 77 టన్నులు. 1973 మే 14న పైకి వెళ్లింది. బయల్దేరిన 63 సెకన్లకే దాని బయటి రక్షణ తొడుగు ఊడిపోయింది. ఆ తొడుగుతోపాటు ఒక సౌర రెక్క పోయింది. రెండో రెక్క లోహపు పట్టీ అడ్డుపడి తెరుచుకోలేదు. లోపలి వేడి 50 డిగ్రీలు దాటింది. మే 25న బయల్దేరిన మొదటి ముగ్గురు కేంద్రంలోంచి ఒక గొడుగు బయటికి తోసి విప్పి నీడ కల్పించారు. జూన్ 7న బయటికి వెళ్లి పట్టీ కోసి, రెక్క తెరిచారు. చేతులతో బాగుచేసుకున్న ఆ ఇంట్లో మూడు బృందాలు వరసగా 28, 59, 84 రోజులు ఉన్నాయి. మనిషి భారం లేని చోట మూడు నెలల దాకా బతికి పనిచేయగలడని అక్కడే రుజువైంది.

పడేటప్పుడు లోపల మనుషులున్నారా? ఉన్నారని నమ్మినవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు. కానీ లోపల ఎవరూ లేరు. మూడో బృందం 1974 ఫిబ్రవరి 8న తిరిగివచ్చింది. ఆ తర్వాత ఎవరూ వెళ్లలేదు. కేంద్రం ఐదేళ్ల ఐదు నెలలు ఖాళీగా తిరిగి కింద పడింది.

తర్వాతి చిక్కు తేదీ. కొన్ని పాత రాతల్లో జులై 11 ఉంటుంది, కొన్నింటిలో జులై 12. ఒకటి తప్పై ఉండాలని మొదట అనిపిస్తుంది. కూలిన సమయం గ్రీన్‌విచ్ లెక్కలో జులై 11 సాయంత్రం 4 గంటల 37 నిమిషాలు. దానికి ఐదున్నర గంటలు కలిపితే మనకు బుధవారం రాత్రి 10 గంటల 7 నిమిషాలు. ముక్కలు పడిన పశ్చిమ ఆస్ట్రేలియాలో గడియారం అర్ధరాత్రి దాటేసింది. అక్కడి రికార్డులో 12, మన రికార్డులో 11. రెండూ సరైనవే.

సమయం తేలింది కాబట్టి కళ్లారా చూశామనేవాళ్ల మాట పరీక్షించవచ్చు. ఒక పెద్దాయన చెప్పింది ఇది: వాకిట్లో నులక మంచం మీద పడుకుని ఉంటే, అమావాస్య చీకట్లో నిప్పు తోక లాంటిది ఆకాశానికి అడ్డంగా పోయింది. పంచాంగం దీనికి ఒప్పుకోదు. 1979లో ఆషాఢ పౌర్ణమి జులై 9న వచ్చింది. 11 రాత్రి పదింటికి వెన్నెల బాగా కాస్తూ ఉంటుంది. పైగా ఆ సమయానికి స్కైలాబ్ హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన ఉంది. పొదిలి నుంచి ఆస్ట్రేలియాలో అది పడిన చోటికి సుమారు 7,000 కిలోమీటర్లు. మధ్యలో భూమి వంపు ఉంది. ఆయన చూసింది ఉల్క కావచ్చు, మరో రాత్రిది కావచ్చు. స్కైలాబ్ మాత్రం కాదు.

మరి జ్ఞాపకంలో చీకటి, చప్పుడు, భయం ఎక్కణ్నుంచి వచ్చి చేరాయి? ఆ ఏడాది చుట్టుపక్కల జరిగినవి వరసగా రాసి చూశాను. 1979 మే 12న తుపాను ఒంగోలుకు దక్షిణాన తీరం దాటింది. వందల మంది చనిపోయారు. ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి మన తొలి ఉపగ్రహ వాహకం ఎస్‌ఎల్‌వి-3 లేచి, ఐదు నిమిషాల పైచిలుకు ఎగిరి బంగాళాఖాతంలో కూలింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం దక్కను మీదుగా పోయింది. పట్టపగలు జనం తలుపులు వేసుకుని ఇళ్లలో కూర్చున్నారు. తొమ్మిది నెలల్లో నాలుగు సంఘటనలు. నలభై ఏళ్లు దాటాక అవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడం సహజం.

వీటిలో ఎస్‌ఎల్‌వి-3ని కాస్త ఆగి చూడాలి. "మన షార్ నుంచి వదిలిందే కూలింది, దాన్నే స్కైలాబ్ అన్నారు" అనే మాట కూడా వినబడుతుంది. షార్ ఉన్న శ్రీహరికోట పొదిలికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా పొదిలి కూడా నెల్లూరు జిల్లాలోదే. అందువల్ల ఈ ఆధారం మొదట బలంగా కనిపిస్తుంది. తేదీలు చూస్తే నిలవదు. స్కైలాబ్ భయం జూన్, జులై నెలలది. ఎస్‌ఎల్‌వి-3 కూలింది ఆ తర్వాత నెలకు. పైగా అది సముద్రం వైపు వెళ్లి సముద్రంలోనే పడింది. ఈ దారి ఇక్కడితో మూసేశాను.

భయంలో జనం ఏం చేశారన్న దానికి కథలు చాలా ఉన్నాయి. కోళ్లు, మేకలు కోసుకు తిన్నారని, దాచుకున్న డబ్బు ఖర్చు పెట్టేశారని, ఆ రోజుల్లో పుట్టిన బిడ్డలకు ఆ పేరే పెట్టారని తెలుగు జిల్లాలన్నింటా చెబుతారు. 2021లో ఇదే పేరుతో తెలుగు సినిమా వచ్చింది. దాని కథ కరీంనగర్ వైపు పల్లెలో జరుగుతుంది. సినిమా చూశాక గుర్తొచ్చిన సంగతులను సాక్ష్యంగా తీసుకోలేదు. జనం భయపడ్డారన్నది మాత్రం సందేహం లేని విషయం.

ఆ భయానికి ఆధారం ఉందా? ఇక్కడ లెక్క పెద్దవాళ్ల పక్షానే ఉంది. స్కైలాబ్ కక్ష్య భూమధ్యరేఖకు 50 డిగ్రీల వాలులో ఉంది. అంటే ఉత్తరాన 50, దక్షిణాన 50 డిగ్రీల మధ్య ఏ ఊరి మీదుగానైనా అది పోగలదు. పొదిలి 15 డిగ్రీల అక్షాంశం దాటి కొంచెం పైన ఉంది. ప్రపంచ జనాభాలో పదింట తొమ్మిది వంతులు ఆ పట్టీలోనే ఉన్నారు. మన ఊరు ముప్పు పరిధిలో ఉందన్నది నిజం. అయితే అదే ముప్పు లండన్ లాంటి కొన్నింటికి తప్ప ప్రపంచంలోని పెద్ద నగరాల్లో ఎక్కువ వాటికి ఉంది.

ముప్పు ఎంత అనే దగ్గర రెండు అంకెలు ఎదురుపడతాయి. ఒకచోట 152లో ఒక వంతు అని ఉంటుంది, మరోచోట 60,000 కోట్లలో ఒక వంతు అని. రెండూ అప్పుడు అధికారికంగా చెప్పినవే. ఒకరు దాచారు, మరొకరు బయటపెట్టారు అనుకోవడం తేలిక. గుణిస్తే అసలు సంగతి బయటపడుతుంది. అప్పటి ప్రపంచ జనాభాను 400 కోట్లుగా తీసుకుని 152తో గుణిస్తే 60,800 కోట్లు వస్తుంది. మొదటి అంకె భూమ్మీద ఎవరో ఒకరికి దెబ్బ తగిలే అవకాశం. రెండోది ఫలానా ఒక మనిషికి తగిలే అవకాశం. లెక్క ఒకటే, అడిగిన ప్రశ్నలు రెండు. ఊళ్లలోకి వచ్చేసరికి ఈ తేడా విడమర్చి చెప్పినవాళ్లు లేకపోయారు.

అసలు అది అప్పుడే ఎందుకు పడింది? చివరి బృందం దిగివచ్చేముందు తమ నౌక ఇంజన్‌తో కేంద్రాన్ని కొంచెం పైకి నెట్టింది. అది 1980ల మొదటి సంవత్సరాల దాకా పైనే ఉంటుందని అప్పటి అంచనా. ఈలోగా సూర్యుడి చురుకుదనం అనుకున్నదానికంటే పెరిగింది. ఆ వేడికి భూమి పై వాతావరణం ఉబ్బి, స్కైలాబ్ దారిలో గాలి చిక్కబడింది. రాపిడి పెరిగి కక్ష్య త్వరగా దిగింది. దాన్ని మళ్లీ పైకి నెట్టే పని కొత్త అంతరిక్ష విమానానికి అప్పగించాలనుకున్నారు. ఆ విమానం 1981 ఏప్రిల్ 12కి గానీ ఎగరలేదు. అప్పటికి స్కైలాబ్ లేదు.

ఇప్పుడు రెండో వాదం. ఖాళీగా తిరుగుతున్న కేంద్రాన్ని కింద నుంచి తిప్పడం కుదురుతుందా? కుదిరింది. నాలుగేళ్లు మూగగా ఉన్న స్కైలాబ్‌తో 1978 మార్చిలో నేల మీది ఇంజనీర్లు మళ్లీ రేడియో సంబంధం కలిపారు. బ్యాటరీలు నింపారు. దాని ముఖం ఎటు ఉండాలో ఆజ్ఞలు పంపారు. ముఖం తిప్పడం వేరు, దారి మళ్లించడం వేరు. దారి మళ్లించే ఇంజన్ దానికి లేనేలేదు. వెళ్తున్న బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అరచేతిని గాలికి ఎదురుగా పెడితే ఒక రకం ఒత్తిడి, పక్కకి తిప్పితే మరో రకం. స్కైలాబ్ మీద వాళ్లకు ఉన్న పట్టు అంతవరకే. గాలి రాపిడిని పెంచో తగ్గించో, పడే సమయాన్ని కొంత జరపగలరు. సమయం జరిగితే పడే చోటు జరుగుతుంది.

చివరి రోజు సరిగ్గా అదే చేశారు. మనకు మధ్యాహ్నం వేళ, స్కైలాబ్‌ను పల్టీలు కొట్టించే ఆజ్ఞ వెళ్లింది. పల్టీల వల్ల రాపిడి తగ్గి, అది ఇంకొంత దూరం వెళ్తుంది. రికార్డులో ఉన్న గురి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కు ఆగ్నేయంగా 1,300 కిలోమీటర్ల దూరంలోని సముద్రం. ఉత్తర అమెరికా మీద ముక్కలు పడకుండా చూడటం దాని ఉద్దేశం.

ఆఖరి చుట్టు దారి గ్లోబు మీద గీసుకుంటే మొదటి వాదం కూడా తేలిపోతుంది. అది ఉత్తర అమెరికా దాటింది, అట్లాంటిక్ మీదుగా దక్షిణానికి దిగింది, ఆఫ్రికా కొస కింద నుంచి హిందూ మహాసముద్రం దాటి ఆస్ట్రేలియా వైపు లేచింది. ఆ చుట్టులో భారతదేశం లేదు. అనుకున్నంత త్వరగా అది ముక్కలు కాలేదు. అందుకే గురి పెట్టిన సముద్రం దాటిపోయి, ఎస్పరెన్స్ పట్టణం నుంచి ఈశాన్యంగా నేల మీద శకలాలు పడ్డాయి. ఎవరికీ గాయం కాలేదు. ఆ ఊరి పాలకమండలి చెత్త వేసినందుకు 400 డాలర్ల జరిమానా రాసింది. ఆక్సిజన్ ట్యాంకుతో సహా కొన్ని ముక్కలు ఇప్పటికీ అక్కడి మ్యూజియంలో ఉన్నాయి.

మూడు వాదాల లెక్క ఇది. పొదిలి ముప్పు పట్టీలో ఉంది, కానీ ఆఖరి దారిలో లేదు. స్కైలాబ్‌ను తిప్పారు, కానీ మళ్లించలేదు. తిప్పిన లెక్కలో మన ప్రాంతం ప్రస్తావన ఎక్కడా లేదు. నలభై ఏళ్లకు పైగా నోటి మాటగా వచ్చిన వాక్యంలో ఇంత నిజం మిగలడం చిన్న విషయం కాదు. ఆ మధ్యాహ్నపు ఆజ్ఞ సంగతి చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. మన పల్లెల్లో రేడియో విన్నవాళ్లు దాన్ని పట్టుకుని దాచుకున్నారు.

తేలని ప్రశ్న ఒకటి ఉంది. 77 టన్నుల కేంద్రాన్ని పైకి పంపుతూ, దాన్ని అదుపులో కిందికి దించే ఏర్పాటు ఎందుకు పెట్టలేదు? ఖర్చా, తొందరా, నిర్లక్ష్యమా అని ఊహించి రాయను. లేదన్నది మాత్రం వాస్తవం. మనుషులను పైకి చేర్చడం, బతికించడం, ఇంటికి తేవడం దాకా లెక్క వేశారు. ఇంటిని దించడానికి మాత్రం ఏర్పాటు పెట్టలేదు.

ఆ పాఠం వెంటనే అందలేదు. 1991 ఫిబ్రవరిలో సోవియట్ కేంద్రం సల్యూట్-7 అదుపు లేకుండా దిగి అర్జెంటీనా మీద ముక్కలైంది. 2001 మార్చి 23న మాత్రం మీర్ కేంద్రాన్ని, దానికి తగిలించిన సరుకుల నౌక ఇంజన్లతో పట్టి, పసిఫిక్ సముద్రంలో అనుకున్న చోట దించారు. ఇప్పుడున్న అంతర్జాతీయ కేంద్రం 400 టన్నులు దాటుతుంది. దాన్ని దించడానికే ప్రత్యేకంగా ఒక నౌక తయారుచేసే ఒప్పందం 2024లో కుదిరింది. అయినా ముప్పు పోలేదు. 2022 ఏప్రిల్ 2న తెలంగాణకు ఆనుకుని ఉన్న చంద్రపూర్ జిల్లాలో ఒక పల్లెలో మనిషి ఎత్తు మించిన లోహపు చక్రం ఆకాశం నుంచి పడింది. అది చైనా రాకెట్ భాగమని నిపుణులు భావించారు. 1979లో మనవాళ్లు భయపడిన సంఘటన మరో చోట, మరో రూపంలో జరిగింది.

ఇప్పుడు మన వంతు వచ్చింది. మనుషుల్ని అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ కోసం, వాళ్లను కాపాడే వ్యవస్థను 2023 అక్టోబర్ 21న శ్రీహరికోట నుంచే పరీక్షించారు. 2025 జనవరి 16న రెండు ఉపగ్రహాలను కక్ష్యలో కలిపారు. 2035 నాటికి సొంత అంతరిక్ష కేంద్రం నిర్మించాలన్నది లక్ష్యం. ఆ కేంద్రం మొదటి భాగం లేవకముందే ప్రజలకు తెలియాల్సినవి నాలుగున్నాయి: ఏ ఇంజన్‌తో దించుతారు, అందుకు ఎంత ఇంధనం పక్కన పెడతారు, ఏ సముద్రంలో దించుతారు, సంబంధం తెగిపోతే ఎవరు వెళ్లి పట్టుకుంటారు. జవాబులు తెలుగులో, రేడియోలో చదవగలిగినంత తేలిక మాటల్లో ఉండాలి. పొదిలి సంతలో కూరగాయలు అమ్ముకునే మనిషికి కూడా 152కీ 60,000 కోట్లకీ తేడా ముందే తెలియాలి. తెలిస్తే ఆ మనిషి భయంతో మేకను కోసుకోవాల్సిన పని ఉండదు.