విశాఖ రేవు: లోవతోఁటల మూల్యవివాదము

తామ్రశాసనములు చదువువారికి సర్వకరపరిహార మను మాట చిరపరిచితము. దానగ్రామమునందుఁ దనకు రావలసిన పన్నులను రాజు విడిచిపెట్టుట యచ్చట పరిహారము. నేఁటి న్యాయస్థానములలో నా శబ్దమునకు వేఱర్థము స్థిరపడినది. ప్రభుత్వము పౌరుని భూమిని గైకొని యిచ్చెడు ధనము పరిహారము. ఆ ధనమునకుఁ బ్రమాణ మెయ్యది యను విచారమున నొక ముఖ్యసిద్ధాంతము విశాఖపట్టణపు వివాదమునుండి పుట్టినది.

1933లోఁ దెఱవఁబడిన విశాఖ రేవు నిర్మాణదశలో నుండఁగా, సమీపమున మలేరియాను నడఁచు పనులకై లోవతోఁటలను గైకొన 1894వ సంవత్సరపు భూసేకరణచట్టముక్రింద 1928లోఁ బ్రకటన వెడలెను. లోవ యనఁగాఁ గొండలనడిమి పల్లము. ఆ తోఁటలు వైరిచర్ల నారాయణ గజపతిరాజుగారివి. అందొక మంచినీటి యూట యెడతెగక పాఱుచుండెను.

రేవునకు మంచినీరు వలయును గావున, నేల వెలలో నూట విలువయుఁ జేరవలెనని రాజుగారి వాదము. ఆ నీటిని గొనఁదగినవారు రేవధికారులే. వారికే చట్టబలమున భూమి సంక్రమించుచుండఁగా నీటియోగ్యతకు వేఱు వెల లేదని సర్కారు వాదము. వివాదము మద్రాసు హైకోర్టు దాఁటి ప్రివీ కౌన్సిలునకుఁ బోయెను.

1939లో రోమరు ప్రభువు తీర్పు చెప్పెను. అమ్మువాని యనిష్టమును, కొనువాని యగత్యమును రెంటిని విడిచి, ఇరువురు నిచ్ఛాపూర్వకముగా బేరమాడినచోఁ గుదురు వెలయే గ్రాహ్యము. కొనఁదగినవాఁడు ప్రభుత్వ మొక్కటియే యైనను భూమియోగ్యత నిర్మూల్యము కానేరదు.

వైయాకరణులు మూలశబ్దముపై యత్ప్రత్యయముచే మూల్యశబ్దమును సాధింతురు. వెలకు మూలము వస్తుగుణమా, కొనువాని బలమా యనునదియే యిచ్చటి సందేహము. తీర్పు గుణపక్షము నవలంబించినది. అట్లని యజమానికి మితిలేని లాభము గలుగలేదు; సేకరణానంతరము ప్రభుత్వ మా భూమి నుపయోగించుటవలనఁ బెరుగు విలువను లెక్కింపరాదని యా చట్టపు 24వ విభాగము నిషేధించినది. నిర్బంధసేకరణ యగుటచే నూటికి 15 వంతు లధికముగా నిచ్చు విధి 23వ విభాగమున నుండెను. అది 1984లో 30 అయ్యెను. 2013 నాఁటి చట్టమున నూటికి నూఱైనది.

1894 చట్టము 2014 జనవరి 1వ తేదితో నంతరించినను విశాఖ తీర్పులోని న్యాయము జీవించియున్నది. శాసనములలోని పరిహారము రాజు దయతో విడిచినది. నేఁటి పరిహారము పౌరుఁడు విడువవలసివచ్చినదానికి బదులు. కావున దానిని దానముగాఁ దలఁపరాదు. అది ప్రభుత్వము తీర్పవలసిన ఋణము.