రుమాల్ నుంచి జెర్సీ దాకా: నెల్లూరు తీరపు రంగుల హునర్

క్రికెట్ సీజన్ రాగానే మన ఇళ్లలో పిల్లలకు పేరూ నంబరూ ఉన్న టీషర్ట్ కావాలి. బాజార్‌లో కొనిస్తాం. నాలుగు ఉతుకులకే అంకెలు పెచ్చులూడిపోతాయి. ఇంట్లోనే చేసుకుందామంటే అదేదో కొత్త షోకు అనుకుంటారు. కానీ కొనేవాడి ఫర్మాయిష్ ప్రకారం బట్ట మీద నక్షా వేసి, రంగు పట్టించి ఇవ్వడం మన తీరానికి నాలుగు వందల ఏళ్ల నాటి హునర్.

1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ దుగరాజపట్నంలో కోఠీ పెట్టింది. వాళ్ల కాగితాల్లో ఆ ఊరి పేరు ఆర్మగాన్. వాళ్లు వచ్చింది బట్ట కోసం, అందులోనూ రంగులద్దిన బట్ట కోసం. తూర్పు దీవుల్లో మసాలా దినుసులు కొనాలంటే కోరమాండల్ బట్ట చేతిలో ఉండాలి. ఒక్కో ముల్క్‌ది ఒక్కో పసంద్ కాబట్టి తాజిర్లు నమూనాలు తెచ్చి ఇచ్చేవారు, మన కారీగర్లు వాటిని చూసి చేసేవారు. ఆ సరుకు దక్షిణాన ఇంకా మేలుగా, చవకగా దొరుకుతుందని ఆర్మగాన్ కోఠీ పెద్ద ఫ్రాన్సిస్ డే 1639లో చెన్నపట్నంలో జాగా సంపాదించాడు. మరుసటి ఏడాది కోఠీ అక్కడికి మారింది. మద్రాసు షహర్ పుట్టుకలో మన తీరపు బట్టకూ హిస్సా ఉందన్నమాట.

ఉత్తరాన మచిలీపట్నంలో గోల్కొండ కుతుబ్‌షాహీల జమానాలో ఇదే పని వేరే అందం తెచ్చుకుంది. ఇరాన్‌తో తిజారత్ వల్ల అక్కడి పూలు, తీగలు మన బట్ట మీదికి వచ్చాయి. పేరు కూడా ఫారసీదే: కలం, కారీ. కలంతో చేసే పని కలంకారీ.

ఈ బట్టకి అంత గిరాకీ ఎందుకు? రంగు పోదు కాబట్టి. యూరప్‌లో అద్దిన రంగులు నీళ్లు తగిలితే కారిపోయేవి. మనవాళ్లు ముందు బట్టని కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఎండబెట్టేవారు. పాలలోని కొవ్వు గీతని పాకనివ్వదు. ఎరుపు కావలసిన చోట పటిక, అంటే మన ఫిట్కరీ నీళ్లతో గీసి, చిరివేరుతో ఉడికించేవారు. పటిక ఉన్నచోటే రంగు పోగులోకి దిగి ముడిపడుతుంది. నలుపుకి తుప్పు ఇనుము, బెల్లం కలిపి ఊరబెట్టిన నీరు. ఆ పక్కా రంగు ధాటికి అక్కడి నేతగాళ్లు తట్టుకోలేకపోయారు. ఫ్రాన్స్ 1686లోనే ఈ బట్టని నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో చట్టం తెచ్చింది. 1742లో కోర్డూ అనే ఫ్రెంచి పాద్రీ ఇక్కడి కారీగర్ల పద్ధతిని అడిగి తెలుసుకుని, ఉత్తరంలో రాసి తన దేశానికి పంపాడు. రాజ్ అలా సముద్రం దాటింది.

నెల్లూరుకి ఇంకో ముచ్చట ఉంది. ఇక్కడి రంగు రుమాళ్లు వెస్టిండీస్‌కి ఎగుమతి అయ్యేవని బ్రిటిష్ కాలపు గెజిటీర్ చెబుతుంది. రిచర్డ్స్, లారా పుట్టిన ఆ దీవులకి మన సరుకు క్రికెట్ కన్నా ముందే పరిచయం! విలాయతీ మిల్లు బట్ట పోటీకి ఆ పనీ పడిపోయింది. పత్తి ఏకే నూర్‌బాషాలు, నేసే సాలెలు, రంగు వేసే రంగ్రేజ్‌లు, అందరి రోజీ మీదా ఆ దెబ్బ పడింది.

ఆటలోకి రంగు ఆలస్యంగా వచ్చింది. వన్డే వరల్డ్ కప్‌లో రంగు దుస్తులు, వీపు మీద పేర్లు మొదలైంది 1992లో. ఆ కప్‌లో ఇండియా కెప్టెన్ మన హైదరాబాదీ అజహరుద్దీన్. వరల్డ్ కప్ చొక్కాల మీదికి నంబర్లు 1999లో ఎక్కాయి, అప్పుడూ కెప్టెన్ ఆయనే.

ఇక మీ ఇంటి జెర్సీ. నూలు టీషర్ట్ తీసుకుని ముందే ఉతకండి. మిల్లు గంజి పోకపోతే రంగు పట్టదు. కరక్కాయ నీళ్లకు ముందు మన కారీగర్లు బట్టని ఉతికి ఉతికి తెల్లబరిచింది కూడా ఇందుకే. లోపల అట్ట పెట్టండి, లేకపోతే రంగు వెనక్కి దిగుతుంది. గట్టి కాగితంలో అంకెని కత్తిరించి, బట్ట మీద అంటించి, ఫాబ్రిక్ పెయింట్‌ని స్పాంజితో కొద్దికొద్దిగా అద్దండి. బ్రష్‌తో లాగితే అంచు కిందికి పాకుతుంది. ఒక రోజు ఆరనిచ్చి, తిరగేసి ఇస్త్రీ చేయండి. ఆ వేడికే రంగు గట్టిపడుతుంది. మూడు రోజుల దాకా నీళ్లలో వేయకండి.

ఒక ఫరక్ మాత్రం బిడ్డలకి చెప్పండి. ఈ పెయింట్ పోగు మీద పొరలా కూర్చుంటుంది. పటిక, చిరివేరు ఎరుపు పోగు లోపలికి దిగేది. వీలైతే ఒక పాత నూలు రుమాల్ మీద కరక్కాయ, పటికతో కూడా ప్రయత్నం చేయించండి. ఇంకొకరి నమూనా చూసి పని చేసిపెట్టిన మన బుజుర్గుల చేతికి ఎంత ఇల్మ్ ఉండేదో వాళ్లకి అప్పుడు తెలుస్తుంది.