పన్ను లెక్కకు సాధనము

పన్నుల లెక్కలు వ్రాయు వృత్తిలోనివారు నేడు ఏ సాఫ్ట్‌వేరు కొనవలెనని విచారించుచున్నారు. లెక్క ఏ సాధనమున, ఎవరి చేతిలో నుండవలె నను ప్రశ్న మనకు క్రొత్తది కాదు.

1853లో మొదటి సాలార్‌జంగు హైదరాబాదు దివాను అగునాటికి శిస్తు వసూలు గుత్తదారుల పాలై యుండెను. సర్కారునకు గుత్తసొమ్ము ఒప్పుకొన్నవాడు రైతువద్ద ఎంత రాబట్టినను అడుగువాడు లేడు. లెక్కయు వానిదే, లాభమును వానిదే. సాలార్‌జంగు ఆ పద్ధతిని క్రమముగా తొలగించి, జీతముపై ఉద్యోగులను నియమించెను. 1865లో జిలాబందీ చేసి జిల్లాకొక అవ్వల్ తాలూకుదారును నిలిపెను. మా మనూరు గల నారాయణఖేడ్ తాలూకా బీదరు జిల్లానుండి మెదకునకు 1956లో వచ్చినది. లెక్కల పద్ధతి మాత్రము ఆ పాత రాజ్యమునాటిదే.

ఏ సర్వే నంబరున ఎవరు, ఏ పైరు అన్నది గ్రామమున పట్వారీ పహాణీలో వ్రాసెడివాడు. ఏటేట జమాబందీలో పై అధికారి దానిని సరిచూచెడివాడు. అయినను చదువురాని రైతునకు ఆ పుస్తకము మూసిన పెట్టెయే. కలము పట్టినవానిదే పెత్తనము. 1984లో ఆ పదవి రద్దయినది. 2020లో ధరణి, 2025లో భూభారతి వచ్చినవి. పుస్తకము యంత్రములోనికి పోయినది గాని ప్రశ్న పోలేదు.

కావున సాధనము నెన్నుకొనువారు మూడు సంగతులు చూడవలెను. లెక్క ఎట్లు తేలినదో అది చూపునా? తప్పును ఎవరు, ఎప్పుడు దిద్దిరో తెలియునా? పన్ను కట్టువానికి వాని భాషలో చదివి చెప్పవచ్చునా? వేగము తరువాతి మాట. అడిగినపుడు లెక్క విప్పి చూపని సాధనము, ఎంత ఖరీదైనను, గుత్తదారు చేతి చిట్టాయే.