“ఇంకెన్నాళ్లు బతుకుతాడు బాబూ?” – ఆ జవాబు వెనుక చరిత్ర

గొంతు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స ముగిసి రోగిని వార్డుకు చేర్చగానే బంధువులు అడిగే ప్రశ్న ఒకటే: “ఇంకెన్నాళ్లు బతుకుతాడు బాబూ?” సీతంపేట కొండలు దిగి వచ్చిన సవర, జాతాపు కుటుంబాలు అడిగినా, నగరవాసులు అడిగినా మాట మారదు. వైద్యుడిచ్చే జవాబుకు మాత్రం నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అది ఎలా తయారైందో, అందులో మన మన్యం మనుషులకు ఎంత చోటు దక్కిందో మీరు తెలుసుకోవడం అవసరమని నా అభిప్రాయం.

1873 డిసెంబరు 31న వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ 36 ఏళ్ల ఉపాధ్యాయుని స్వరపేటికను పూర్తిగా తొలగించాడు. క్యాన్సర్‌కు అటువంటి శస్త్రచికిత్స జరగడం అదే మొదలు. బిల్‌రోత్ శిష్యుడు గుస్సెన్‌బాయర్ రూపొందించిన కృత్రిమ స్వరపేటికతో రోగి మాట్లాడగలిగాడు కూడా. కానీ ఏడు నెలలు తిరిగేసరికి వ్యాధి తిరగబెట్టి మరణించాడు. శస్త్రచికిత్స నెగ్గింది, రోగి దక్కలేదు. ఎవరు దక్కుతారో ముందే చెప్పగల ఆధారం ఆనాడు ఎవరి వద్దా లేదు.

రాజులకైనా అంతే. 1887లో జర్మనీ యువరాజు ఫ్రెడరిక్ గొంతు బొంగురుపోయింది. జర్మన్ వైద్యులు కోసి తీసేద్దామన్నారు. ఇంగ్లండు నుంచి వచ్చిన మోరెల్ మెకంజీ చిన్న ముక్క తీసి పరీక్షకు పంపగా, మహా పండితుడు విర్కో అందులో క్యాన్సర్ కనిపించలేదన్నాడు. శస్త్రచికిత్స ఆగిపోయింది. మరుసటి మార్చిలో చక్రవర్తి అయిన ఫ్రెడరిక్ 99 రోజులు మాత్రమే ఏలి, 1888 జూన్ 15న కన్నుమూశాడు. అప్పుడే కోసి ఉంటే బతికేవాడని వాదించేవారు ఉన్నారు. ఆ కాలపు శస్త్రచికిత్సలు ఎందరి ప్రాణాలు తీశాయో చదివిన నాకు ఆ వాదం మీద అంత నమ్మకం లేదు.

అంచనాకు ఒక భాష ఏర్పడింది 1943, 1952 మధ్య. ఫ్రాన్సులో పియర్ డెనోయి ప్రతి క్యాన్సర్‌నూ మూడు అక్షరాలతో గుర్తించే పద్ధతి రూపొందించాడు. ‘టి’ అంటే పుట్టినచోట కణితి ఎంత వ్యాపించిందో, ‘ఎన్’ అంటే లింఫ్ గ్రంథులకు చేరిందో లేదో, ‘ఎం’ అంటే దూరపు అవయవాలకు పాకిందో లేదో చెబుతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ సంఘం ఈ పద్ధతిని 1958లో మొదట రెండు అవయవాలకు సిఫార్సు చేసింది. ఒకటి రొమ్ము, రెండోది స్వరపేటిక. స్వరపేటికలో కణితి కొలత ఒక్కటే చూడరు. స్వరతంత్రి కదులుతున్నదా, బిగుసుకుపోయిందా అన్నది కూడా దశను నిర్ణయిస్తుంది.

మూడింటిలో గొంతు వైద్యులు ఎక్కువగా భయపడేది ‘ఎన్’కు. మెడలో ఒక్క గ్రంథికి వ్యాధి చేరినా బతికే అవకాశం దాదాపు సగానికి పడిపోతుందన్నది మా తరం వైద్యులు విద్యార్థి దశలోనే నేర్చుకున్న సూత్రం. గ్రంథి పైపొరను చీల్చుకుని వ్యాధి బయటికి వస్తే పరిస్థితి మరింత కష్టం. కోసిన కణితి అంచులో క్యాన్సర్ కణాలు మిగిలి ఉన్నా అంతే. ఈ రెండు సందర్భాల్లో శస్త్రచికిత్స తర్వాత రేడియేషన్‌తో పాటు మందు కూడా కలిపి ఇస్తే మేలని 2004లో ఐరోపా, అమెరికా పరిశోధనలు చూపాయి. కనుక పెథాలజీ నివేదిక చేతికి వచ్చినప్పుడు “అంచులు శుభ్రంగా ఉన్నాయా? గ్రంథులు ఎన్ని తీశారు, ఎన్నింటిలో ఉంది?” అని మీరు అడగండి. వైద్యుడు చెప్పే సంవత్సరాల లెక్క చాలావరకు ఆ రెండు వాక్యాల్లోనే ఉంటుంది.

మెడ గ్రంథుల విషయంలో మన దేశపు సాక్ష్యమే ఉంది. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు తొలిదశ నోటి క్యాన్సర్ రోగుల మీద చేసిన పరిశోధన 2015లో వెలువడింది. ముందుజాగ్రత్తగా మెడ గ్రంథులు కూడా తీసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది జీవించి ఉన్నారు. గడ్డ కనిపించేదాకా ఆగి అప్పుడు తీసినవారిలో 67.5 శాతమే.

ఇక లెక్క కట్టే తీరు. స్వరపేటికకు దశలు ఏర్పడిన ఆ 1958లోనే అమెరికాలో కాప్లన్, మేయర్ అనే గణాంక శాస్త్రజ్ఞులు ఒక చిక్కు విప్పారు. మధ్యలో రావడం మానేసిన రోగిని ఏమనాలి? పోయాడనుకోలేం, ఉన్నాడనీ అనలేం. చివరిసారి కనిపించిన రోజు వరకు లెక్కలో ఉంచి, ఆపైన తప్పించాలన్నది వారి మార్గం. నేటికీ క్యాన్సర్ ప్రపంచమంతా దానినే వాడుతున్నది. అయితే దానికొక షరతు ఉంది: రానివారి గతీ వస్తున్నవారి గతీ ఒకటే కావాలి.

సీతంపేట పైనున్న ఊళ్ల నుంచి పాలకొండకు దిగి, అక్కడి నుంచి విశాఖకు వెళ్లి రావాలంటే ఇద్దరి కూలి పోతుంది. జీడి కోతల వేళ, పోడు పనుల వేళ తోడు వచ్చేదెవరు? రెండు మూడుసార్లు వచ్చి ఆగిపోతారు. బాగున్నారు కనుక ఆగారా, మింగలేక మంచం పట్టారా? ఆస్పత్రి కాగితానికి రెండూ ఒకటే. రెండో రకం వారే ఎక్కువైతే, మిగిలినవారితో కట్టిన లెక్క ఉన్నదానికంటే మెరుగ్గా కనబడుతుంది.

ఇల్లిల్లూ తిరిగితే ఏం తెలుస్తుందో ఈ ప్రాంతమే చూపింది. డెన్మార్క్ వైద్యుడు పిండ్‌బోర్గ్, ముంబయికి చెందిన ఫాలి మెహతా బృందం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి 1971లో ఫలితాలు ప్రకటించింది. వారిలో 43.8 శాతం మందికి అడ్డచుట్ట, అంటే నిప్పు ఉన్న కొన నోటిలో పెట్టుకుని పీల్చే అలవాటు, ఉన్నట్లు తేలింది. అంగిలి క్యాన్సర్‌కు ఆ అలవాటుతో ఉన్న సంబంధం అలాగే బలపడింది. వ్యాధి ఎందుకు వస్తుందో తెలుసుకోవడానికి ఇంటికి వెళ్లాం. చికిత్స తర్వాత ఏమైందో తెలుసుకోవడానికి మాత్రం రోగినే రమ్మంటున్నాం.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. సీతంపేట అప్పుడు అందులోనిదే. శస్త్రచికిత్స ఖర్చు భారం చాలామందికి తగ్గింది. తర్వాతి ప్రయాణాల భారం మిగిలింది. వ్యాధి తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే తిరగబెడుతుంది. కనుక మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకొకసారి, రెండో ఏడాది కొంత ఎడంగా పరీక్ష తప్పదు. మెడలో కొత్త గడ్డ, చెవిపోటు, మింగేటప్పుడు నొప్పి ఉంటే గడువు దాకా ఆగకండి. చుట్ట మళ్లీ ముట్టించకండి. అది రెండో క్యాన్సర్‌కు దారి. రాలేకపోతే ఆశా కార్యకర్త ద్వారానో ఫోనులోనో కబురు పంపండి. మనిషి పోయినా ఆ కబురు ఆస్పత్రికి అందించండి. రోగి కార్డు మీద నంబరు ఉంటుంది.