ఖాళీ ముక్కు

ముక్కున్నంతకాలం పడిశం తప్పదని మన పెద్దవాళ్ళు ఏనాడో తేల్చేశారు. డాక్టర్లు మాత్రం ఆ మాటతో సరిపెట్టుకోలేదు.

ముక్కులోపల అటు మూడు, ఇటు మూడు చుట్టతిరిగిన సన్నటి ఎముకలుంటాయి. వాటిమీద మెత్తగా, తడితడిగా ఓ పొర. వీటిని టర్బినేట్లంటారు. పీల్చినగాలిని వెచ్చజేసి, తడిపి లోపలికి పంపడం వీటి పని. ఇవి వాచాయంటే ముక్కు బిగుసుకుపోతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పాశ్చాత్య సర్జన్లకు ఉపాయం తట్టింది. అడ్డొచ్చేదాన్ని కోసేస్తే పోలా! కోసేశారు. చాలామందికి హాయిగా ఊపిరాడింది.

కొందరు మాత్రం తిరిగొచ్చారు. "ఊపిరాడటం లేదు డాక్టరుగారూ!" అన్నారు. లైటువేసి చూస్తే లోపల రాజమార్గంలా ఉంది. ఇంకేముంది, జబ్బు ముక్కులో లేదు, మనసులో ఉందన్నారు. అత్తవారింట్లో కోడలి తలనొప్పిలాగా, వాళ్ళ బాధను నమ్మే నాథుడు లేకపోయాడు. నిద్ర కరువై, దిగులుతో కుంగిపోయినవాళ్ళున్నారు.

1994లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో యూజీన్ కెర్న్, మోనికా స్టెన్‌క్విస్ట్ ఆ బాధకు పేరుపెట్టారు. స్కానులో టర్బినేట్లుండాల్సినచోట బోసిగా కనిపించింది. అందుకే 'ఎంప్టీ నోస్ సిండ్రోమ్'. ఖాళీముక్కు జబ్బన్నమాట.

అంత ఖాళీ ఉండి ఊపిరాడకపోవడమేమిటంటారా? గాలి వస్తోందన్న కబురు మెదడుకు అందించేవి ఆ తడిపొరలో చల్లదనాన్ని పసిగట్టే నరాలు. పొరపోతే కబురు తగ్గుతుంది. గాలి వెళుతూనే ఉంటుంది, వెళుతున్నట్టే తెలీదు! పడిశానికి మెంథాల్ పీలిస్తే జరిగేది దీనికి తలకిందులు. ముక్కు తెరుచుకోదు, నరాలు మేలుకుని తెరుచుకున్నట్టు చెబుతాయి.

మరి దీనికి మందు? క్లీవ్‌లాండ్‌లో స్టీవెన్ హౌజర్ తను చేసిన ఆపరేషన్ల వివరాలు 2007లో ప్రచురించాడు. ఒకప్పుడు తీసేసినచోటే, శుద్ధిచేసిన చర్మంముక్క పొరకింద దూర్చి మళ్ళీ కాస్త ఎత్తు కట్టడం! ముందు అక్కడ తడిదూది పెట్టిచూస్తారు. రోగి ప్రాణం తెరిపినపడితేనే కత్తి పడతారు. తర్వాత కొందరు పక్కటెముకల దగ్గరి మృదులాస్థి కూడా వాడారు. చాలామందికి బాధ తగ్గింది, నిద్రపట్టింది. అయితే పోయిన పొర మాత్రం తిరిగిరాదు. అందుకే ఇప్పుడు సర్జన్లు కోసేటప్పుడే చెయ్యి వెనక్కి లాగుతున్నారు, పొరను దక్కించాలని చూస్తున్నారు.

2017లో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు ఆరు ప్రశ్నలు తయారుచేశారు. ముక్కు ఎండిపోతోందా? మండుతోందా? ఉక్కిరిబిక్కిరవుతున్నారా? మరీ తెరుచుకున్నట్టుందా? ఇలాంటివే. ఒక్కోదానికి సున్నానుంచి అయిదు మార్కులు. మార్కులు వేసేది డాక్టరు కాదు, రోగి. ఆ ఆపరేషన్లు మొదలై అప్పటికి నూరేళ్ళు దాటింది.