బెంగళూరు పచ్చని నడికట్టు

కోలారు నుంచి వచ్చినా, చిత్తూరు నుంచి వచ్చినా, అనంతపురం నుంచి వచ్చినా బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో ఒక్కసారైనా దిగని తెలుగువారు మనలో అరుదు. మనం దిగే ఆ చోటు ఒకప్పుడు ధర్మాంబుధి అనే చెరువు. సంపంగి చెరువు ఉన్నచోట నేడు కంఠీరవ స్టేడియం ఉంది. ఊరు పెరిగేటప్పుడు ముందుగా దేన్ని మింగుతుందో చెప్పడానికి ఈ రెండు పేర్లు చాలు.

ఆ మింగుడుకు హద్దుగా ఏర్పడ్డదే గ్రీన్ బెల్టు. హరిత వలయమనీ అంటారు. నేను నడికట్టు అంటాను. నడుముకు కట్టు ఉంటేనే గదా పంచె నిలిచేది!

ఈ ఆలోచన ఇంగ్లండులో బలపడింది. ప్రతి ఉద్యాన నగరం చుట్టూ పొలాలు మిగలాలని 1898లో ఎబెనెజర్ హోవర్డ్ తన పుస్తకంలో రాశాడు. లండను చుట్టూ ఉన్న పచ్చని భూముల రక్షణకు 1938లో చట్టం వచ్చింది. 1955లో మంత్రి డంకన్ శాండ్స్ ఇతర నగరాలు కూడా ఇటువంటి వలయాలు ఏర్పరచుకోవాలని సూచించాడు.

ఇక మన బెంగళూరు. 1971 జనాభా లెక్కల్లో 16 లక్షలు దాటిన నగరం, 1981 నాటికి 29 లక్షలు దాటింది. 1976లో బెంగళూరు అభివృద్ధి ప్రాధికారం ఏర్పడింది. 1984లో ఆమోదం పొందిన సమగ్ర ప్రణాళిక 1279 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని తీసుకుని, నగరానికి 440 కేటాయించి, మిగిలిన 839 చదరపు కిలోమీటర్లను గ్రీన్ బెల్టుగా ఉంచింది.

అయితే ఆ నేల ఖాళీ నేల కాదు. అందులో పల్లెలున్నాయి, రాగి చేలున్నాయి, ద్రాక్షతోటలున్నాయి. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే రైతులున్నారు. కొడుక్కి పెళ్ళయింది, ఇంకో ఇల్లు కావాలి, పొలం తనదే. కానీ గ్రామఠాణా దాటి కట్టాలంటే వ్యవసాయ భూమిని మార్పిడి చేయించుకోవాలి. ఆ కాగితం కోసం కచేరీల చుట్టూ తిరిగిన రైతు బాధ చిన్నది కాదు. మరోవైపు నగరంలో సైటు కొనలేని చిరుద్యోగి, ఆమోదం లేని రెవెన్యూ సైటును కొనుక్కున్నాడు. మురుగు కాలువ లేదు, రోడ్డు లేదు, అయినా తలదాచుకునే గూడు అయింది. వీళ్ళిద్దరినీ దోషులనడం నాకు చేతకాదు.

1995లో సవరించిన ప్రణాళిక నగర భాగాన్ని సుమారు 565 చదరపు కిలోమీటర్లకు పెంచింది. వలయం 714కు తగ్గింది. అంటే పదకొండేళ్ళలో 125 చదరపు కిలోమీటర్లు కాగితం మీదే జారిపోయాయి. ఇది అందరికీ కనిపించే కోత. కనిపించని కోత మరొకటి ఉంది. ఇక్కడొక పాఠశాల, అక్కడొక ఆసుపత్రి, ఆ పక్కన నాలుగు ఎకరాల లేఅవుటు. విడివిడిగా చూస్తే ప్రతిదీ న్యాయమే అనిపిస్తుంది. అన్నీ కలిపి కూడితే ఎంతైందో చూసేవారు లేరు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు. మా తరగతిలో పిల్లలను “మీ తాతగారి పొలం ఎక్కడ?” అని అడిగితే, ఒక లేఅవుటు పేరు చెబుతారు.

చెరువును చెరువుకు కలిపే రాజకాలువల మీద కట్టడాలు లేస్తే వాన నీరు ఎటు పోవాలి? 2022 సెప్టెంబరులో సర్జాపుర రోడ్డు, మహదేవపుర ప్రాంతాల్లో ఇళ్ళు నీట మునిగినప్పుడు ఆ ప్రశ్నకు జవాబు దొరికింది.

మరి చిన్న ముక్కలను ఇళ్ళకు ఇవ్వనే కూడదా? వలయం పుట్టిన ఇంగ్లండే 2024 డిసెంబరులో కొంత సడలించింది. వలయంలో ఇదివరకే కట్టడాలున్న చోట్లను, వలయం ఉద్దేశానికి అంతగా తోడ్పడని చోట్లను “గ్రే బెల్టు” అని వేరుచేసింది. అక్కడ పెద్ద గృహ పథకం కట్టేవారు అందుబాటు ధరల ఇళ్ళు ఎక్కువగా కట్టాలి, స్థానిక సదుపాయాలు కల్పించాలి, ప్రజలకు పచ్చని స్థలం చూపాలి అని షరతులు పెట్టింది.

ఇవ్వడం తప్పు కాదు, లెక్క లేకుండా ఇవ్వడం తప్పు. ఈ ముక్క ఎవరి ఇంటికోసం? దీని మీదుగా నీరు పోయే దారి ఉందా? ఇంతవరకు ఇచ్చినవన్నీ కలిపి ఎంత? ఈ మూడు ప్రశ్నలకు జవాబు గ్రామసభలో అందరూ వినేలా చెప్పిన తరువాతే సంతకం పడాలి.

శ్రోతలారా, మీలో ఎవరైనా ఊరి అంచున సైటుకు బయానా ఇవ్వబోతుంటే, ముందుగా గ్రామ నక్షా తెప్పించి చూడండి. అందులో కాలువ గీత ఉంటే, అక్కడ నేల ఎంత ఎండి ఉన్నా సరే, నీరు తన దారి మరచిపోదని గుర్తుంచుకోండి. సెలవు.